వాడకుండా దాచిన వెండి గొట్టం

“ఒకటీ ఇరవై,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ దేవేంద్రన్, గోడ గడియారాన్నీ చేతి గడియారాన్నీ సరిపోల్చుకుని. “నాలుగింటికి ఈమెని మేజిస్ట్రేట్ ముందర నిలబెట్టాల. మీకు అరగంట ఇస్తా మేడమ్, పాత మర్యాదకి. చూసుకోని సీక్రం తిరువళ్ళూరు బండెక్కేయండి.”

ఆ పాత మర్యాద ఎలాంటిదో ఇద్దరికీ తెలుసు. దేవసేన పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో దేవేంద్రన్ ఆమె కింద ఎస్సై. ఆమె చేతి మీదుగా రెండు మెమోలు అందుకున్నాడు. రెండూ ఒకే తప్పుకి. సాక్షి చెప్పిన మొదటి జవాబు రాసుకుని ఇంటికెళ్ళిపోయేవాడు. “రెండో ప్రశ్న వేయనివాడు పోలీసు కాదు, పోస్టుమ్యాన్” అని నలుగురి ముందూ అంది అప్పుడు. ఆమె ఉద్యోగం వదిలి ఆరేళ్ళయింది. తిరువళ్ళూరులో రైల్వే స్టేషన్‌కి ఎదురుగా మేడమీద చిన్న గది అద్దెకు తీసుకుని, సొంతంగా కేసులు చూసుకుంటోంది. అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. ఆ పోస్టుమ్యాన్ మాట మాత్రం అతనికి ఇంకా అరగలేదు.

ఈ ఇంట్లో చనిపోయింది డాక్టర్ వెంకటపతి. డెబ్బై నాలుగేళ్ళు. తిరుత్తణిలో ముప్పై ఏళ్ళు చెవి, ముక్కు, గొంతు వైద్యం చేసినవాడు. ఊపిరాడని నాలుగొందల మందికి మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టి బతికించాడని పేరు. ఆరేళ్ళ కిందట ఆయన గొంతులోనే గడ్డ లేచింది. పైదారి పూర్తిగా మూసుకుపోయింది. అప్పట్నుంచి ఆయన కూడా మెడలో గొట్టంతోనే ఊపిరి పీలుస్తున్నాడు. మాట పోయింది. చెప్పాల్సిందంతా కాగితం మీద రాసేవాడు. ఒంటరి మనిషి. చూసుకునేది మునియమ్మ.

ఆ మునియమ్మే ఇప్పుడు హాల్లో నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. పక్కన లేడీ కానిస్టేబుల్. దేవసేన తల్లి మంచాన పడ్డ నాలుగు నెలలూ ఒళ్ళు తుడిచి, గంజి తాగించి, చివరికి కళ్ళు మూసింది ఈ చేతులే. అందుకే పదకొండూ నలభై ఐదుకి ఫోన్ రాగానే దేవసేన ఉన్న చీరతో రైలెక్కింది.

“మొదట్నుంచి చెప్పు మునియమ్మక్కా. గంటలతో చెప్పు. ఏడుపు తర్వాత.”

“తొమ్మిదిన్నరకి లోపలి గొట్టం తీసి కడిగినా. మళ్ళా పెట్టినా. పదింటికి ఇడ్లీ మెత్తగా పిసికి పెట్టినా. గాజుగుడ్డ అయిపోయింటే, పదీ కాలుకి మెడికల్ షాపుకి పోయినా. ఆడినుంచి నా బీపీ మాత్రకని సర్కారాసుపత్రి లైన్లో నిలబడినా. పదకొండూ నలభైకి తిరిగొస్తే అయ్య కుర్చీలోనే ఉండాడు. కండ్లు తెరిచే ఉండాయి.”

“గొట్టం?”

“బయటిది మెడలోనే ఉన్నింది. లోపలిది బల్ల మీద ఉన్నింది. కడ్డీ దాని పక్కనే, తడితడిగా. నేను తాకలే తల్లీ. మా మురుగన్ మీద ఒట్టు.”

దేవేంద్రన్ నవ్వాడు. వెండి గొట్టం అంటే మూడు ముక్కలు. మెడలో ఎప్పుడూ ఉండేది బయటి గొట్టం. దాని లోపల దూరి, కడగడానికి బయటికొచ్చేది లోపలి గొట్టం. మూడోది కడ్డీ, కొస గుండ్రంగా ఉంటుంది. బయటి గొట్టాన్ని రంధ్రంలోకి పెట్టేటప్పుడు కండ చీరుకోకుండా దారి చూపడానికే అది. లోపల ఉన్నంతసేపూ గొట్టాన్ని నిండా మూసేస్తుంది. అందుకని పెట్టిన మరుక్షణం పీకేయాలి.

“సింపుల్ మేడమ్,” అన్నాడు దేవేంద్రన్. “ఈమె గొట్టం మార్చింది. కడ్డీ పెట్టి తోసింది. తీసేది మరిచి బజారుకి పోయింది. వచ్చి చూస్తే పెద్దాయన పోయినాడు. కడ్డీ పీకి బల్ల మీద పెట్టి ఏడుపు ఎత్తుకుంది. ఈ ఊర్లో ఈ పని తెలిసింది ఈమె ఒక్కతికే.”

“గొట్టం మార్చేది శుక్రవారం. ఈరోజు బేస్తవారం,” అంది మునియమ్మ గొణుగుతున్నట్టు.

“డాక్టరుకి చేతులు లేవా దేవేంద్రన్?” అంది దేవసేన. “నాలుగొందల మెడల్లో కడ్డీ పీకిన మనిషి. ఊపిరాడకపోతే తన మెడలోది తానే పీక్కోడా? చుమ్మా, ఊరికే కూర్చుని చచ్చిపోతాడా? కడ్డీ ఎవరో మరిచిపోలేదు. ఎవరో పట్టుకుని ఉన్నారు. నాలుగు నిమిషాలో, అయిదు నిమిషాలో.”

దేవేంద్రన్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ తర్వాత అతని ముఖం విప్పారింది. “కరెక్ట్ మేడమ్. అంటే నిర్లక్ష్యం కాదు, మర్డర్. ఈమే పట్టుకుంది. థ్యాంక్స్. సెక్షన్ మార్చుకుంటా.”

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కాపాడటానికొచ్చిన మనిషి పుణ్యమా అని కేసు రెండు మెట్లు ఎక్కింది. దేవసేనకి తన తెలివి మీద తనకే ఒళ్ళు మండింది.

“మెడ నుంచి తీసినవి చూపించు,” అంది.

శవాన్ని ఒంటిగంటకే పోస్టుమార్టంకి పంపేశారు. గొట్టం, మెడ చుట్టూ దాన్ని కట్టి ఉంచే తెల్లటి నాడా, కడ్డీ ఒక్కొక్కటీ ఒక్కో ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. దేవసేన నాడా ఉన్న సంచిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నాడా కత్తిరించిన చోటు సరే, అది శవం మెడ నుంచి తీసేటప్పుడు ఆసుపత్రివాళ్ళు వేసిన కత్తెర. మిగతా నాడాలో ముడులు రెండున్నాయి. ఒకటే ఉండాలి.

“అక్కా, నువ్వు ముడి ఏ పక్క వేస్తావు?”

“ఎడమ పక్క. చెవి కింద. నా వేలు దూరేంత సందు వదిలి రెండు మడతలు వేస్తా.”

ఎడమ పక్కది అలాగే ఉంది, లావుగా, కొసలు వేలాడుతూ. రెండోది మెడ వెనక వైపు. అక్కడ నాడా తెగి ఉంది, అతికి ఉంది. ఒక కొస రెండో కొస కడుపులో దూరి, చదునుగా, మినపగింజంత కూడా లేని ముడి. మిగిలిన కొసల్ని మొదలంటా తెంపేశారు. దాని చుట్టూ బూడిదరంగు పొడి మరక.

“ఇదేమిటి?”

“విభూది. తిరుత్తణిలో విభూది లేని మెడ యాడుంది మేడమ్?”

“ఈ ఇంట్లో ఉంది. తలెత్తి చూడు.” గోడ మీద తిరువళ్ళూరు వీరరాఘవస్వామి పటం. పక్కనే నిలువు నామాలతో డాక్టరు ఫోటో. “ఈయన నామాల మనిషి. విభూది పెట్టుకోడు. పైగా మెడలో రంధ్రం. పొడి కొంచెం లోపలికి పోతే ఏమవుతుంది అక్కా?”

“గంటసేపు దగ్గు. నేనే నుదుటి విభూది తుడుచుకోని లోపలికొచ్చేది.”

“ఎవరో ఒకరు వచ్చినప్పుడు అంటుకునుంటాది,” అన్నాడు దేవేంద్రన్. “ముడి ముడే కదా. దాంట్లో ఏముంది?”

దేవసేన పుట్టింది పొదటూరుపేటలో, మగ్గం గుంట పక్కన. మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి అది. మగ్గం పళ్ళ సందులోంచి జారిపోవాలంటే అంత చిన్నదిగానే ఉండాలి, కొసలు అంత మొదలంటానే తెంపాలి. చెమటకి వేళ్ళు జారకుండా నేతగాడు చిటికెడు బూడిద అద్దుకుంటాడు. వాళ్ళ నాన్న రోజుకి రెండొందల సార్లు వేసేవాడు, కళ్ళు ఇంకెక్కడో పెట్టుకుని. పెనుగులాటలో డాక్టరు మెడ విదిలిస్తే పాత నాడా తెగింది. చంపినవాడు పారిపోవాల్సిన చోట, తెగిన నాడాని అతికాడు. కావాలని కాదు, తెగిన పోగు కనిపిస్తే ఆ చెయ్యి ఊరుకోదు.

ఒకటీ ముప్పై ఐదు. ఇంకా పావుగంట ఉంది.

డాక్టరు గదిలో ఒక గోడంతా అద్దాల బీరువా. లోపల నీలం మఖమలు గుడ్డ మీద గొట్టాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. మొదట వంకర లేని ఇత్తడివి, తర్వాత వంపు తిరిగిన వెండివి, చివర్న ప్లాస్టిక్‌వి. ఒక్కోదాని కింద డాక్టరు చేతిరాతలో తెలుగు చీటీ. ఊపిరి దారి తెరిచే ఆ కోతకు రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉందట. దాన్నే పుస్తకంగా రాస్తున్నాడు ముసలాయన. బల్ల మీద రాతప్రతి రెండు దొంతరలుగా ఉంది. ఒకటి డాక్టరు వణుకు చేతి రాత. రెండోది దాన్ని చూసి ఎవరో రాసిన మంచి ప్రతి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

“ఇది చదివావా?” అంది దేవసేన.

“తెలుగు కదా. మా అమ్మ చదువుతాది. నేను స్కూల్లో తమిళమే. మాట్లాడతా, చదివేది రాదు.” దేవేంద్రన్ భుజాలెగరేశాడు. “ఏదో మెడికల్ హిస్టరీ. కేసుకి పనికిరాదు.”

ఇంట్లో మాట్లాడే భాషలో సాక్ష్యం కుప్పగా పడి ఉన్నా చదవలేని ఇన్‌స్పెక్టరు. అయినా హత్య ఎవరు చేశారో తేల్చేశాడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆమె నిలబడే పేజీలు తిప్పింది. డాక్టరు రాత వణికినా మాట వణకలేదు.

‘ఒకప్పుడు ఈ కోతను సగం కసాయితనం అన్నారు. రోగి ఎలాగూ పోతాడు, మన కత్తి కింద ఎందుకు పోవాలని వైద్యులు తప్పుకున్నారు. పారిస్‌లో ఒక వైద్యుడు గొంతు మూసుకుపోయిన పసిపిల్లలు రెండొందల మందికి కోసి, నలుగురిలో ఒకరిని దక్కించాడు. మిగతా ముగ్గురి శాపాలూ మోశాడు.’

ఇంకా ముందుకి. ‘1799 డిసెంబరులో అమెరికా తొలి అధ్యక్షుడు గొంతు వాచి ఊపిరాడక తన్నుకుంటుంటే మంచం చుట్టూ ముగ్గురు వైద్యులున్నారు. అందరిలో చిన్నవాడు గొంతు తెరుద్దామన్నాడు. పెద్దలిద్దరూ వద్దన్నారు. నెత్తురు తీస్తూ కూర్చున్నారు. రాత్రికి ఆయన పోయాడు. ఆ పెద్దలను నేను ముప్పై ఏళ్ళు, నా దగ్గరి చిన్న డాక్టర్లకు చెప్పే పాఠాల్లో తిట్టాను. తిట్టే అర్హత నాకుందా అన్నది తర్వాతి పేజీలో చెబుతాను.’

అది రెండొందల పదో పేజీ. తర్వాతి పేజీ లేదు. అసలు ప్రతిలోనూ లేదు, మంచి ప్రతిలోనూ లేదు. రెండింటిలోనూ వెంటనే రెండొందల పదిహేను.

ఆమె గబగబా బీరువా దగ్గరికి వెళ్ళింది. వెండి గొట్టాల వరసలో ఒక చోట మఖమలు మీద గుంట మాత్రం ఉంది. చిటికెన వేలంత గుంట, అంటే పసిపిల్ల గొట్టం. కింద చీటీ ఉంది: ‘ఆడి కృత్తిక, 2004. వాడలేదు.’ ఆడి కృత్తిక అంటే ఈ ఊరి కొండ మీద మురుగన్ తిరునాళ్ళు.

ఆ సంవత్సరం చదివినప్పుడు దేవసేనకి ఎక్కడో ముల్లు దిగినట్టయింది. ఎందుకో తెలియలేదు.

“అక్కా, ఈ మంచి ప్రతి రాసేదెవరు?”

“నటరాజన్న. వెనక వీధే. మగ్గం మానేసి ఐదారేండ్లయింది. చేతిరాత బాగుంటాదని అయ్య పిలిపించుకున్న్యాడు. సోమ, బుధ, శుక్ర వస్తాడు.”

“నిన్న బుధవారం వచ్చినాడా?”

“వచ్చినాడు. సగంలో లేసి పోయినాడు. కాఫీ పెట్టిచ్చినా తాగలే.”

“నుదుటి మీద విభూది పెట్టుకుంటాడా?”

“మూడు గీతలు. జేబులో పొట్లం లేందే ఇల్లు దాటడు.”

దేవసేన గడప దాటుతుంటే వెనక నుంచి దేవేంద్రన్ అన్నాడు: “ముడి చూసి మనిషిని పట్టేస్తారా మేడమ్? జడ్జి నవ్వుతాడు. రెండున్నరకి జీపు కదుల్తాది. మీరున్నా సరే, లేకపోయినా సరే.”

వెనక వీధిలో మూడో ఇల్లు. తలుపు తీసే ఉంది. మగ్గం అమ్మేశారు కానీ గుంట అలాగే ఉంది. ఆ గుంటలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు నటరాజు. అరవై దాటిన మనిషి. ఒడిలో కాగితాలు. ఎదురుచూస్తున్నవాడిలా తలెత్తాడు.

“రండి మేడమ్. మీరే వస్తారనుకోలే. ఎవరో ఒకరు వస్తారనుకున్న్యా.”

“నాడా ఎందుకు అతికినావన్నా?” అంది దేవసేన. ఇంకే ముందుమాటా లేదు.

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. “నేను అతికినట్టు నాకే తెలీదు. ఇంటికొచ్చి చూస్తే వేళ్ళకి విభూది ఉన్నింది. అప్పుడు గ్యాపకమొచ్చింది. మన ముడే మనల్ని పట్టించింది, కదా? మీదీ మగ్గం ఇల్లేనని అప్పుడు స్టేషన్‌లో ఎవరో చెప్పినారు. మగ్గం ఇంటి పిల్ల, మన మాట వింటాదని ఆశ పడినా.”

“ఎప్పుడు స్టేషన్‌లో?”

“మీరూ మరిచిపోయినారా.” నటరాజు గొంతులో కోపం కూడా లేదు. “డాక్టరూ మరిచిపోయినాడు. ఐదు నెలలు వాళ్ళింట్లో ఆయన ఎదురుగా కూర్చోని రాసినా. ఒక్కరోజన్నా నన్ను యాడో చూసినట్టు కూడా చూడలే.”

ఒడిలోని కాగితాలు చాచాడు. పైన డాక్టరు వణుకు రాత. కింద ముత్యాల రాత. దేవసేన పైదే ముందు చదివింది.

‘ఆడి కృత్తిక. రోడ్లన్నీ కావిళ్ళతో నిండిపోయాయి. మద్రాసు పంపే దారి లేదు. పదీ ఇరవైకి ఒక నేతగాడు కూతుర్ని ఎత్తుకొచ్చాడు. ఆరేళ్ళుండవచ్చు. డిఫ్తీరియా. గొంతులో తెల్లటి పొర అడ్డం పడింది. నా దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మ, చదువు ముగించి ఏడాది కాలేదు, సార్ గొంతు తెరుద్దాం అంది. పిల్లల గొట్టం పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. నేను పెద్దవాళ్ళకు కోశాను, అంత చిన్న గొంతుకు ఎప్పుడూ కోయలేదు. బల్ల మీద పోతే బయట జనం ఊరుకుంటారా అని ఆలోచించాను. ఆలోచిస్తూ ఇరవై ఐదు నిమిషాలు నిలబడ్డాను. పదీ నలభై ఐదుకి బిడ్డ పోయింది. రిజిస్టరులో, తెచ్చేసరికే ప్రాణం లేదు అని రాశాను. మర్నాడు ఎవరో మహిళా ఎస్సై ఫోన్ చేసి అడిగింది. అదే చెప్పాను. ఆమె రెండో ప్రశ్న వేయలేదు. వేసి ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో.’

దేవసేన చివరి రెండు వాక్యాలూ మళ్ళీ చదివింది.

ఇప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో మూడో ఏడు. తిరుత్తణి కొండకి మూడు రోజుల బందోబస్తు. నిద్ర లేదు. తప్పిపోయిన పిల్లలు, జేబుదొంగలు, మైకు. ఆ గందరగోళంలో ఒక మనిషి బల్ల ముందు నిలబడి, నా బిడ్డ ఊపిరి తీస్తానే లోపలికి పోయింది మేడమ్, అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆమె ఫోన్ చేసింది. పెద్ద డాక్టరు, మంచి పేరు. ఒకే ఒక్క వాక్యం రాసింది: ‘తెచ్చేసరికే మృతి. చర్య అవసరం లేదు.’ కింద సంతకం. ఆ మనిషితో, పోయి పని చూసుకోన్నా అని కూడా అంది. దేవేంద్రన్‌కి పోస్టుమ్యాన్ అని పేరు పెట్టింది ఈ నోటితోనే.

“తెచ్చేసరికే పోయిందని మీరు కూడా రాసినారు కదా,” అన్నాడు నటరాజు. “పోలీసమ్మ కూడా రాసిందంటే నిజమే అనుకున్న్యాం. మా ఆడది వనజాక్షి పదిహేనేండ్లు నన్ను తిట్టింది. ఇంకొంచెం ముందు ఎత్తుకోని పోయింటే బతికేది కదా, మగ్గం మీద ఆ బారెడు ముగించాలని కూర్చున్న్యావే అని. నిజమే, కూర్చున్న్యా, పావుగంట. ఆ పావుగంటకి పదిహేనేండ్లు తిట్లు తిన్న్యా. ఆమె పోయేటప్పుడు కూడా నా చేతి నీళ్ళు తాగలే. నిన్న ఈ పేజీ కాపీ రాస్తా ఉంటే తెలిసింది. నా పావుగంట కాదు. ఆయన ఇరవై ఐదు నిమిషాలు.”

“ఈరోజు పోయి అడిగినావా?”

“అడిగినా. ఆ బిడ్డ పేరేందయ్యా అని అడిగినా. గుర్తులేదు అని రాసినాడు కాగితం మీద. బీరువాలోంచి ఈ గొట్టం తీసి చూపించి, దీన్ని దాచుకున్న్యావు, పేరు దాచుకోలేదా అన్న్యా. సారీ అని రాసినాడు. ఇంగ్లీషులో.” అతను జేబులోంచి చిన్న వెండి గొట్టం తీసి గట్టు మీద పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా ఎవరి ఊపిరీ తగలక మెరుస్తోంది. “కడ్డీ ఎట్లా పెట్టేది, ఎంతసేపు ఉంచకూడదు, అన్నీ ఆయనే రాసినాడు, నేనే కాపీ చేసినా. ఇరవై ఐదు నిమిషాలు పట్టుకుందామనుకున్న్యా. నాలుగుకే అయిపోయింది.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇరవై ఏళ్ళ తర్వాత ముసలాయన రాసుకున్న ఒప్పుకోలు అది. రాసుకున్నందుకే చచ్చాడు. దేవసేనకి జాలి ఎవరి మీద పడాలో తెలియలేదు. పడటానికి తనకి హక్కు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆమె పిడికెడు చిన్నదేమీ కాదు.

“ఇప్పుడు కిందది చదవండి,” అన్నాడు నటరాజు.

మంచి ప్రతి. అదే పేజీ, అవే వాక్యాలు. ఐదు నెలల్లో ఒక్క అక్షరం కూడా మార్చని మనిషి మూడు చోట్ల మార్చాడు. ‘ఒక నేతగాడు కూతుర్ని’ అన్న చోట ‘నేతగాడు నటరాజు కూతురు రమ్యశ్రీని’ అని ఉంది. ఆరేళ్ళు కొట్టేసి ఏడేళ్ళు. ‘ఎవరో మహిళా ఎస్సై’ అన్న చోట ‘ఎస్సై దేవసేన’.

“మా పేర్లు, పాప వయసు, మీ పేరు, అంతే మార్చినా. మిగిలిందంతా ఆయనదే,” అన్నాడు. “వినండి మేడమ్. అసలు ప్రతి తీసుకోని పోయి ఇస్తే దాంట్లో ఎవరి పేరూ లేదు. నన్నూ పట్టదు, మిమ్మల్నీ పట్టదు. ఏదో పాత కథ. మునియమ్మకి కేసు అవుతాది, రెండేండ్లు తిరుగుతాది, బెయిలొస్తాది. మంచి ప్రతి ఇస్తే నేను పోతా. మీ పేరూ పోతాది.”

“నువ్వే వచ్చి చెప్పన్నా. మునియమ్మ ఏ పాపం చేసింది?”

“చెప్పను.” మొదటిసారి అతని గొంతు గట్టిపడింది. “ఒకసారి మీ బల్ల ముందర నిలబడి చెప్పినా. వినలే. రెండోసారి నేను చెప్పను. ఈసారి మీరు చెప్పండి.”

రెండూ ఇరవై ఎనిమిదికి ఆమె తిరిగి వచ్చేసరికి జీపు ఇంజిన్ ఆడుతోంది. మునియమ్మ వెనక సీట్లో కూర్చుని, ఆసుపత్రిలో ఇచ్చిన బీపీ మాత్రల పొట్లం గుప్పిట్లో పట్టుకుని ఉంది. దేవసేనని చూసి లేవబోయింది. కానిస్టేబుల్ భుజం నొక్కి కూర్చోబెట్టింది.

“దొరికినాడా ముడి మనిషి?” అన్నాడు దేవేంద్రన్.

“దొరికినాడు. దొరకని పేజీలు కూడా దొరికినాయి.”

అతని మొహంలో వెటకారం తగ్గింది. చెయ్యి చాచాడు. రెండు కట్టలూ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తెలుగు అక్షరాలు అతనికి గీతలే. “ఏది చదవాల? ఏముంది దీంట్లో? మీరే చదవండి మేడమ్. నేను రాసుకుంటా. తర్వాత కోర్టులో ఎవరితోనన్నా సరిచూస్తాం.”

రెండు కట్టలూ మళ్ళీ ఆమె చేతిలోకి వచ్చాయి. వణుకు రాత పైన, ముత్యాల రాత కింద. పైది చదివితే చాలు. కిందది సంచిలో పెట్టేసుకుంటే అడిగేవాళ్ళు ఈ వాకిట్లో లేరు. వీధి మలుపులో మాత్రం నటరాజు నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. ఇరవై ఏళ్ళ కిందట కూడా బల్ల ముందు అలాగే నిలబడ్డాడు కాబోలు. ఆమె అప్పుడు తలెత్తి చూడలేదు.

దేవసేన కింది కట్ట పైకి తీసింది. చదవడం మొదలుపెట్టింది. ఆడి కృత్తిక దగ్గర మామూలుగానే ఉంది. రమ్యశ్రీ పేరు దగ్గర మునియమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఇరవై ఐదు నిమిషాల దగ్గర దేవేంద్రన్ కలం ఆగింది.

“మర్నాడు ఎస్సై...” అని ఆమె ఆగింది.

“పేరు రాసుందా?” అన్నాడు దేవేంద్రన్, తల ఎత్తకుండానే. మొదటిసారి అతను రెండో ప్రశ్న వేశాడు.

“రాసుంది.”

“చదవండి మేడమ్.”

చదివింది. తన పేరు, ఆ తర్వాతి వాక్యం, ఆ పై వాక్యం, ఒక్కటీ మింగకుండా చదివింది. చదివాక కాగితాలు అతనికిచ్చి, వీధి మలుపు వైపు చెయ్యి చూపించింది. నటరాజు కదిలాడు. ఎవరూ పిలవకుండానే నడిచి వస్తున్నాడు.

దేవేంద్రన్ కానిస్టేబుల్‌తో, ఈమెని దింపు అన్నాడు. మునియమ్మ దిగి, జీపు తలుపు పట్టుకుని నిలబడింది. అతను బానెట్ మీద కొత్త తెల్లకాగితం పరిచి, తేదీ వేసి, గంట వేసి, కింద ఒక పేరు తమిళంలో నింపాదిగా రాసుకున్నాడు. తమిళం దేవసేనకి చదవడం వచ్చు. మొదట రాసుకున్న పేరు నటరాజుది కాదు, ఆమెది.